రెండు మెయిన్ రోడ్లు, రెండు బేకరీలు

ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కన డిస్నీ వాళ్ళ మేజిక్ కింగ్‌డమ్ పార్కు ఉంది. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే వచ్చే వీధి పేరు మెయిన్ స్ట్రీట్. ఆ వీధిలో, కోట వైపు నడుస్తుంటే కుడిచేతి పక్కన ఒక బేకరీ ఉండేది. 2013 జూన్‌లో అది స్టార్‌బక్స్ అనే చెయిన్ కాఫీ షాపు అయింది. పేరు మాత్రం తియ్యలేదు. బయట మెయిన్ స్ట్రీట్ బేకరీ అనే బోర్డు అలాగే ఉంచారు. లోపలికి వెళ్తే మాత్రం ఏ ఎయిర్‌పోర్టులోనైనా దొరికే కాఫీయే దొరుకుతుంది.

ఎక్కడో అమెరికాలో, అదీ పిల్లలు ఆడుకునే పార్కులో బేకరీ పోతే విజయనగరం వాళ్ళకి ఏం పట్టింది అనొచ్చు. నాకు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు ఆ వీధి గురించి చెప్పాలి, ఆ తర్వాత మా వీధి గురించి చెప్పాలి.

మెయిన్ స్ట్రీట్ నిజం వీధి కాదు. 1900 ప్రాంతంలో అమెరికాలో చిన్న ఊళ్ళు ఎలా ఉండేవో అలా కట్టిన బొమ్మ వీధి. వాల్ట్ డిస్నీ చిన్నతనంలో కొన్నేళ్ళు మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే పల్లెటూరులో పెరిగారు. ఆ ఊరి మెయిన్ రోడ్డుని మనసులో పెట్టుకునే 1955లో కాలిఫోర్నియాలో కట్టిన డిస్నీలాండ్‌లో మొదటి మెయిన్ స్ట్రీట్ వేయించారు. ఫ్లోరిడాలో ఉన్నది దాని తర్వాతది, 1971 అక్టోబర్ 1న తెరిచారు. అప్పటికి ఆయన పోయి దాదాపు అయిదేళ్ళయింది. ఈ వీధిలో మేడల పై అంతస్తులు కింది అంతస్తు కన్నా చిన్నగా కడతారు, దాంతో కింద నిలబడి చూసేవాడికి అవి ఉన్నదాని కన్నా ఎత్తుగా కనిపిస్తాయి. మొదట్లో రైల్వే స్టేషన్ ఉంటుంది. అందులో నిజమైన ఆవిరి ఇంజన్లు తిరుగుతాయి. వాటిని మెక్సికోలోని యుకటాన్ నుంచి కొని తెచ్చి బాగుచేయించారు. వీధి ఆ చివర కోట.

స్టేషను, బజారు, కోట. మా ఊరు కూడా అంతే కదా! రైలు దిగి ఊళ్ళోకి వస్తే బజారు, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, ఆ పక్కన కోట. మా కోట 1713 నాటిది. గంటస్తంభం 1885లో కట్టారు. అంటే డిస్నీ వాళ్ళు ఏ కాలాన్ని తలుచుకుని ఆ బొమ్మ వీధి కట్టారో, ఇంచుమించు ఆ కాలం నాటి వీధి మాకు నిజంగానే ఉంది. అందులోనే మేం బడికి వెళ్ళాం, కూరలు తెచ్చుకున్నాం, సినిమాకి పరిగెత్తాం. టిక్కెట్టు లేదు, గేటు లేదు.

పెళ్ళయ్యాక నేను టాంపా వచ్చేశాను. అక్కడి నుంచి ఓర్లాండో కారులో గంటా గంటన్నర దూరం. ఇండియా నుంచి ఎవరు వచ్చినా, ఎవరి పిల్లలకి సెలవులిచ్చినా మేజిక్ కింగ్‌డమే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ బేకరీలో అడుగుపెట్టగానే ముందు వాసన తగిలింది. వెన్న, పంచదార, దాల్చిన చెక్క. డిస్నీ వాళ్ళకి వాసనల మీద శ్రద్ధ ఎక్కువ. ఓర్లాండో దగ్గరే ఉన్న వాళ్ళ ఇంకో పార్కు ఎప్కాట్‌లో కొన్ని రైడ్లలో సందర్భాన్ని బట్టి వాసన వదిలే యంత్రాలు పెట్టారు, నారింజ తోట బొమ్మ వస్తే నారింజ వాసన, రోమ్ నగరం తగలబడే చోట కాలిన వాసన. బేకరీ దగ్గర వచ్చే వాసనలో ఎంత పొయ్యిలోంచి వచ్చేదో ఎంత యంత్రంలోంచి వచ్చేదో చాలామంది వాదించుకుంటారు. నాకు ఆ వాదన అక్కర్లేదు. ఆ వాసనకి నేను నిలబడిపోయాను, మూల బేకరీ గుర్తొచ్చి.

మా బేకరీకి బోర్డు ఉండేది, దాని మీద పేరూ ఉండేది గాని ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. మూల బేకరీ అనే అందరికీ తెలుసు. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం వైపు వెళ్తుంటే ఒక సందు మొదట్లో ఉండేది. ముందు భాగం చిన్నది, గాజు బీరువా ఒకటి, దాని మీద వరసగా బిస్కట్ల సీసాలు. ఉప్పు బిస్కట్టు, కొబ్బరి బిస్కట్టు, మధ్యలో ఎర్రటి జామ్ చుక్క పెట్టిన బిస్కట్టు. పైకప్పు నుంచి పురికొస ఉండ ఒకటి వేలాడుతుండేది. పొట్లం కట్టాలంటే చెయ్యి పైకెత్తి ఒక్క లాగు లాగి, నాలుగు చుట్లు చుట్టి, వేలితోనే తెంపేసేవాడు మావయ్య. ఆయన మాకు చుట్టం కాదు. ఆ వీధి పిల్లలందరికీ ఆయన బేకరీ మావయ్యే.

అసలు సంగతంతా వెనకాల ఉండేది. ఇటుకలతో గుమ్మటంలా కట్టిన బట్టీ. దానికి సరుగుడు కట్టెలు. మా నాన్న ఆయనతో కబుర్లు చెప్తూ నిలబడితే నేను నెమ్మదిగా వెనక్కి వెళ్ళి చూస్తుండేదాన్ని. ముందు లోపలే మంట వేసి, ఇటుకలు బాగా వేడెక్కాక నిప్పులన్నీ బయటికి లాగేసేవాళ్ళు. తర్వాత తడి గోనెపట్టాతో నేల తుడిచేవాళ్ళు. అప్పుడు ఆ గుమ్మటంలో మంట ఉండదు, ఇటుకల్లో దాగిన వేడి మాత్రం ఉంటుంది. ఆ వేడి గంట గంటకీ తగ్గుతుంటుంది, దాన్ని బట్టే పని. బాగా వేడి మీద ఉన్నప్పుడు బ్రెడ్డు. కొంచెం తగ్గాక బన్నులు. ఇంకా తగ్గాక కేకులు, బిస్కట్లు. చివరికి చెయ్యి పెడితే వెచ్చగా తగిలే వేడిలో రస్కులు పరిచి తెల్లవార్లూ వదిలేసేవాళ్ళు. ఒక్కసారి వేసిన మంటతో ఇన్ని రకాల సరుకు. ఇది చదువుకున్నవాళ్ళు ఎవరూ నాకు చెప్పలేదు, బట్టీ నోటి దగ్గర పొడవాటి చెక్క తెడ్డు పట్టుకుని నిలబడే కుర్రాడు చెప్పాడు. "యేడి దిగిపోతే బన్ను పొంగదు బుల్లెమ్మా, యేడి ఎక్కువైతే మీద నల్లగా, లోపల పచ్చిగా. దీనికి గడియారం నేదు, చెయ్యే గడియారం" అని చెయ్యి బట్టీలోకి చాపి చూపించేవాడు. మోచేతి దాకా వెంట్రుకలు కాలిపోయి నున్నగా ఉండేది ఆ చెయ్యి.

పఫ్‌ల కోసం మధ్యాహ్నం మళ్ళీ మంట వేసేవాళ్ళు. సాయంత్రం బడి వదిలే వేళకి మొదటి ట్రే బయటికొచ్చేది. నల్లగా కాలి అంచులు వంకర్లు పోయిన రేకు ట్రే, దాని మీద వరసలుగా పఫ్‌లు. లోపల ఉల్లిపాయ, బంగాళాదుంప, పచ్చిమిర్చి, కొంచెం గరం మసాలా. సగం గుడ్డు పెట్టినవి వేరే ట్రేలో వచ్చేవి. ఆ పఫ్ పొర పళ్ళ కింద పడితే చప్పుడు వచ్చేది, యూనిఫాం మీదంతా పొట్టు రాలేది, ఇంటికెళ్తే అమ్మకి చెప్పకుండానే తెలిసిపోయేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చే దారిలో తీసుకునేవారు. ఒక్కోసారి నన్ను పంపేవారు. "ఏటమ్మా, ఇయ్యాల ఆలీసమైపోనాదేటి? మీ నాన్నగారికని నాలుగు పక్కన పెట్టినాను" అనేవాడు మావయ్య. అలా పక్కన పెట్టడానికి ఏ చీటీ లేదు. మా ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరికి కారం పడదో ఆయనకి తెలుసు.

బ్రెడ్డు కోసేటప్పుడు రెండు చివర్లా అంచు ముక్కలు మిగిలేవి. అవి అమ్మకానికి కాదు, అక్కడ నిలబడ్డ పిల్లలకి. మేం ఎవరు ముందు వచ్చామో వరస పెట్టుకుని మరీ నిలబడేవాళ్ళం.

సిరిమాను రోజులు చెప్పాలి. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి ఊరికి నిద్ర ఉండదు. చుట్టుపక్కల పల్లెల నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా జనం వచ్చేస్తారు. ఎవరి అరుగు ఖాళీగా ఉంటే వాళ్ళ అరుగు మీద పడుకుంటారు. మూల బేకరీ బట్టీ ఆ రెండు రోజులూ ఆరేది కాదు. కేకులు, పఫ్‌లు మానేసి రస్కులు, బన్నులే చేసేవాళ్ళు, గుడ్డలో మూట కట్టుకు తిరిగినా పాడవ్వనివి. మర్నాడు మధ్యాహ్నం నుంచీ మేం పిల్లలం బేకరీ మేడ మీదికి ఎక్కి కూర్చునేవాళ్ళం. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వాటి వెనక సిరిమాను. అంత ఎత్తు మాను చివర ఆసనంలో పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తారు. జనం అరటిపళ్ళు విసురుతారు. మా కింద నుంచి బన్నుల వాసన, ఎదురుగా అమ్మవారు.

ఇందుకే, మేజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మీద మధ్యాహ్నం ఊరేగింపు వస్తుందని తాళ్ళు కట్టి జనాన్ని పక్కకి నిలబెడుతుంటే నాకు కొత్త అనిపించలేదు. చేతిలో బేకరీ కాగితం, ఎదురుగా ఊరేగింపు, వెనక కోట. నేను పుట్టి పెరిగింది అందులోనే.

అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళనీ తీసుకెళ్ళాం. అమ్మ పట్టుచీర కట్టుకుని, కాళ్ళకి మా అమ్మాయి బూట్లు వేసుకుని వచ్చింది. రైడ్లు ఒక్కటీ ఎక్కలేదు. వీధి చూసి "కోట రోడ్డులా లేదూ ఇది?" అంది నాన్నతో. బేకరీలోకి వెళ్ళి సిన్నమన్ రోల్ కొన్నాం. అరచేతి కన్నా పెద్దది, పైన తెల్లటి పంచదార పాకం జారుతూ. అమ్మ దాన్ని కొరకలేదు. మడత కాజాని విప్పినట్టు బయటి చివర పట్టుకుని నెమ్మదిగా చుట్టలు విప్పుతూ పోయింది. ఒక్కో చుట్ట విప్పి లోపల ఏం పూశారో చూసింది, వాసన చూసింది. చివరికి మధ్యలో మెత్తటి ముద్ద మిగిలితే అది నాన్న కాగితంలో పెట్టింది. "పలావులో వేస్తాం గాని దాల్చిన చెక్క తీపిలో వేస్తారేటే అమ్మడూ? బాగుంది గాని, మావయ్య దగ్గరయితే ఇంత తీపి వెయ్యడు" అంది. నాన్న మాత్రం బీరువా అవతల ఆప్రాన్ కట్టుకున్న పెద్దావిడతో, వచ్చిన ఇంగ్లీషులో, "మీరు ఎన్నింటికి మొదలుపెడతారు?" అని అడిగారు. ఆవిడ నవ్వి, జనం లేవకముందే అంది. నాన్న తృప్తిగా తల ఊపారు. రాత్రి ఫోన్లో బేకరీ మావయ్యకి చెప్పించారు కూడా, అక్కడా చీకటి ఉండగానే మొదలెడతారట అని.

తర్వాత కొన్నాళ్ళకే ఆ బేకరీ సంగతి మారింది.

2012లో డిస్నీ, స్టార్‌బక్స్ కలిసి అమెరికాలోని డిస్నీ పార్కుల్లో కాఫీ షాపులు తెరుస్తామని ప్రకటించాయి. మొదటిది అదే ఏడాది జూన్‌లో కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో వచ్చింది. 2013లో ఫ్లోరిడాలో మెయిన్ స్ట్రీట్ బేకరీ, ఆ తర్వాత ఎప్కాట్‌లో ఫౌంటెన్ పక్కన ఉన్న దుకాణం, కాలిఫోర్నియా డిస్నీలాండ్ మెయిన్ స్ట్రీట్‌లో మార్కెట్ హౌస్ అనే దుకాణం. హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో 2015లో స్టార్‌బక్స్ వచ్చింది. అక్కడ స్టారింగ్ రోల్స్ అనే బేకరీ ఉండేది, బటర్‌ఫింగర్ చాక్లెట్ అద్దిన కప్‌కేక్‌కి పేరు. 2017 మొదట్లో అది మూసేశారు.

ఇందులో స్టార్‌బక్స్ మీద నాకు కోపమేమీ లేదు. అది ఆ మేజిక్ కింగ్‌డమ్ పుట్టిన ఏడాదే, 1971లో, సియాటిల్‌లో కాఫీ గింజలు అమ్ముకునే చిన్న దుకాణంగా మొదలైంది. అదీ ఒక వీధి దుకాణమే. పైగా మెయిన్ స్ట్రీట్ ఏమన్నా కంపెనీల పేరు తగలని చోటా అంటే కాదు. 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడే మార్కెట్ హౌస్‌ని స్విఫ్ట్ అనే మాంసం కంపెనీ నడిపింది, ఐస్‌క్రీం దుకాణం కార్నేషన్ పాల కంపెనీది, మందుల దుకాణం అప్‌జాన్ కంపెనీది. అలా డబ్బు తెస్తే గాని ఆ పార్కు లేచేది కాదు. కాకపోతే స్విఫ్ట్ వాళ్ళు అక్కడ ఆ వీధికి తగ్గ దుకాణం పెట్టారు. అలాంటిది ఇంకెక్కడా ఉండదు. ఇప్పుడొచ్చిన దుకాణం ప్రతిచోటా ఉంటుంది. తేడా అక్కడే ఉంది.

ఎందుకు మార్చారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పొద్దున్నే గేటు తియ్యగానే వేల మంది ఒక్కసారి ఆ వీధిలోకి వస్తారు, అందులో సగం మందికి ముందు కాఫీ కావాలి. పార్కులో దొరికే కాఫీ బాగుండదని జనం ఏళ్ళ తరబడి గొణిగేవాళ్ళు. స్టార్‌బక్స్ అయితే ఏం దొరుకుతుందో ముందే తెలుసు, ఆలోచించక్కర్లేదు, లైన్ గబగబా కదులుతుంది. చిన్నపిల్లల్ని తోపుడుబండిలో వేసుకుని రాత్రంతా నిద్రలేక వచ్చిన తల్లికి ఆ కప్పు ఎంత అవసరమో నాకు తెలుసు, నేనూ అలా వెళ్ళినదాన్నే. అక్కడ పనిచేసేవాళ్ళకి పాతకాలం బట్టలే వేశారు, చెక్కపనీ దీపాలూ వీధికి తగ్గట్టే ఉంచారు. అది చేసినవాళ్ళు శ్రద్ధగానే చేశారు. కానీ నేను ఫ్లోరిడా నడిబొడ్డున, అంత డబ్బు పోసి, అంత ఎండలో నడిచి వెళ్ళి, మా ఇంటి దగ్గర పెట్రోల్ బంకు పక్కన దొరికేదే మళ్ళీ కొనుక్కోవడం నాకు మింగుడుపడలేదు. ఆ చోటికి వెళ్తేనే తినగలిగేది ఒకటి తగ్గింది. అలా ఒక్కొక్కటీ తగ్గుతూ పోతే ఆ చోటికి వెళ్ళడం ఎందుకు?

సిన్నమన్ రోల్ పూర్తిగా పోలేదు. అదే పార్కులో ఫాంటసీల్యాండ్ అనే భాగంలో 2012లో తెరిచిన గాస్టన్స్ టావెర్న్ అనే దుకాణంలో పెట్టారు. అక్కడ తిన్నాను, బాగానే ఉంది. వీధి మాత్రం అది కాదు.

కాలిఫోర్నియాలో మార్కెట్ హౌస్ కూడా చూశాను. అక్కడ గోడకి పాతకాలం టెలిఫోన్లు ఉంటాయి. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంటే, లైన్లో ఎవరో ఇద్దరు ఇరుగుపొరుగు మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయి. ఒకే తీగ మీద అందరి ఫోన్లూ ఉండే రోజుల్లో అలా వినపడేవట. కాఫీ షాపు చేసినా వాటిని తీసెయ్యలేదు. అది చూసి నాకు నిజంగా సంతోషమేసింది. దుకాణం మారక తప్పనప్పుడు కనీసం అలాంటిది ఒక్కటి ఉంచితే, తాత మనవడికి చూపించడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

మా మూల బేకరీకి ఆ మాత్రం కూడా మిగల్లేదు. మావయ్య కొడుకులిద్దరూ చదువుకుని విశాఖపట్నం, హైదరాబాదు వెళ్ళిపోయారు. ఆ బట్టీ ముందు నిలబడే పని వాళ్ళు చెయ్యాలని ఆయనా అనుకోలేదు. ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది, ఏళ్ళ పొగ మరి. సరుగుడు కట్టె ధర పెరిగిపోయింది. కంపెనీ బ్రెడ్డు కవర్లో వచ్చి కిరాణా కొట్లోనే దొరకడం మొదలైంది. ఆ కుర్రాడు, చెయ్యి గడియారం అన్నవాడు, వేరే ఊళ్ళో కరెంటు పొయ్యి ఉన్న బేకరీలో చేరాడని విన్నాను. ఒకసారి వేసవికి వెళ్తే షట్టర్ వేసి ఉంది. మరోసారి వెళ్ళేసరికి బిల్డింగే లేదు. ఇప్పుడక్కడ మూడంతస్తుల భవనం, కింద అద్దాల తలుపుల కాఫీ షాపు. పెద్ద చెయినే. లోపల ఏసీ, గోడ మీద ఎక్కడివో కాఫీ తోటల ఫొటోలు.

తోటల ఫొటోలే పెట్టాలంటే మన పక్కనే ఉన్నాయి కదా! కొత్తవలస దగ్గర లైన్ మారి రైలెక్కితే కొండల్లోకి వెళ్ళిపోతాం, అరకులో మిరియాల తీగల కింద గిరిజనులు పండించే కాఫీ ఉంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గోడ మీద అరకు కొండ ఒక్కటి ఉన్నా, ఆ కప్పులో ఆ గింజ పడినా, ఈ షాపు విజయనగరంలో ఉందన్న సంగతి కనీసం గోడకైనా తెలిసేది.

అయినా ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ కాఫీ షాపులో ఇద్దరు ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిలు ఒక మూల కూర్చుని, లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్క కాఫీ మీద సాయంత్రం అంతా గడుపుతుంటే చూశాను. ఎవరూ వాళ్ళ వంక చూడలేదు, లేవమనలేదు. మా రోజుల్లో మూల బేకరీ ముందున్న బల్ల మగవాళ్ళది. టీ గ్లాసులు, సిగరెట్లు, రాజకీయాలు. మేం ఆడపిల్లలం పొట్లం పుచ్చుకుని తలొంచుకుని ఇంటికొచ్చేయాల్సిందే. మావయ్య ఎంత మంచివాడైనా అక్కడ నేను ఒక్కరోజు కూడా కూర్చుని తినలేదు. ఆ అమ్మాయిలకి ఇవాళ దొరికిన ఆ కుర్చీ మాకు దొరకలేదు, అది వాళ్ళకి ఉండాలి. నేను కోరుకునేది ఆ కుర్చీ పక్కన ఆ పఫ్ కూడా ఉండాలని. షాపులో పఫ్ ఉంది గాని అది ఎక్కడో చేసి, గడ్డకట్టించి పంపితే ఇక్కడ వేడి చేసిచ్చేది. పొర విరగదు, సాగుతుంది.

ఇన్నాళ్ళూ ఇదంతా మనసులోనే ఉంచుకున్నాను. ఈమధ్య మా అమ్మాయి మెయిన్ స్ట్రీట్ బేకరీ పాత ఫొటోలు కంప్యూటర్లో తెచ్చి చూపించింది. ఎన్ని ఉన్నాయో! బోర్డు, బీరువా, ఆ ఏడాది ధరల పట్టిక, ట్రేలో రోల్స్ దగ్గరగా తీసినవి, మూసే ముందు రోజుల్లో జనం వెళ్ళి తీసుకున్న వీడియోలు. కుకీల మధ్య ఐస్‌క్రీం పెట్టిచ్చే శాండ్‌విచ్ ఎలా పట్టుకు తినాలో కూడా రాసిపెట్టారు. ఆ వీధిలో మేడల కిటికీల మీద పార్కు కట్టిన ఇంజనీర్ల పేర్లు, బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు దుకాణాల ప్రకటనల్లా రాసి ఉంటాయి. తలెత్తి చూసినవాళ్ళకి ఎవరు కట్టారో తెలుస్తుంది. బొమ్మ వీధిలో ఇంత లెక్క ఉంది.

మా నిజం వీధిలో, నలభై ఏళ్ళకి పైగా ఊరికి బ్రెడ్డు పెట్టిన బేకరీకి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. మా ఇంట్లో ఆల్బం అంతా వెతికాను. మా తమ్ముడి పుట్టినరోజు ఫొటోలో ఆ బేకరీ కేకు ఉంది, గులాబీ రంగు క్రీం పువ్వులతో, వాడి పేరు తెలుగులో రాసి. అదీ సగమే, మిగతా సగానికి మా పెద్దత్త చెయ్యి అడ్డొచ్చింది. సిరిమాను ఫొటోలు వందలు ఉంటాయి ఊళ్ళో అందరి దగ్గరా. వాటిలో ఏదో ఒకదాని వెనకాల ఆ మేడ, ఆ మేడ మీద పిల్లలు ఉండి తీరాలి. కెమెరా అమ్మవారి మీదే ఉంటుంది గనక ఓ మూలకి జరిగి ఉంటుంది, అంతే.

అందుకే గుర్తున్నంత వరకూ ఇలా రాసి పెడుతున్నాను. బ్రెడ్డు తెల్లవారకముందే. బన్నులు పాలవాళ్ళు తిరిగే వేళకి. బిస్కట్లు పదింటికి. పఫ్ బడి వదిలాక. రస్కు రాత్రంతా. దిల్‌పసంద్ శనివారం మాత్రమే, అదీ సాయంత్రం లోపలే అయిపోయేది, కొబ్బరి తురుములో ట్యూటీ ఫ్రూటీ ఎర్రవీ పచ్చవీ కలిపి. క్రిస్మస్‌కి ప్లమ్ కేకు, కంటోన్మెంట్ వైపు నుంచి ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు. మావయ్య పద్దుల పుస్తకం ఎర్ర అట్టది, బీరువా వెనక మేకుకి వేలాడేది.

ఒక్కటే తేలలేదు. బన్ను విరవగానే ఒక వాసన వచ్చేది. తమ్ముడు సోంపు అంటాడు. నేను యాలకులు అంటాను. అమ్మ ఉన్నప్పుడు అడిగితే రెండూ కాదు, జాపత్రి అంది. పోయిన సంక్రాంతికి మావయ్య పెద్దకోడలిని కలిసి అడిగాను. ఆవిడ కాపురానికి వచ్చేసరికి బన్నులు మానేశారట. ఇప్పుడు మిగిలింది తెడ్డు పట్టుకున్న ఆ కుర్రాడు. కుర్రాడేమిటి, అరవై దాటి ఉంటాయి. బొబ్బిలి వైపు ఏదో బేకరీలో చూశామని ఒకరు, పార్వతీపురంలో అని ఇంకొకరు చెప్పారు. ఈసారి వచ్చినప్పుడు రెండు ఊళ్ళూ తిరుగుతాను. మీలో ఎవరికైనా ఆయన జాడ తెలిస్తే ముందుగా ఆ బన్నులో ఏం వేసేవారో అడిగి పెట్టండి.